అలిగిన గింజలు

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళ మాటలు అమ్మ మీదుగానే నడుస్తున్నాయి. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని కూడా, నోటుపుస్తకాలు ఎక్కడున్నాయో అడగమని అక్క అమ్మకు చెప్పేది. పెట్టినచోటే ఉంటాయని చెప్పమని చిట్టి అమ్మకే చెప్పేది. తల అటూ ఇటూ తిప్పి తిప్పి అమ్మకు మెడ పట్టేసింది.

"నేనేమన్నా పోస్టుమ్యానునా? ఇద్దరికీ నోళ్ళున్నాయి కదా," అని విసుక్కుంది మూడోరోజున. అయినా మోస్తూనే ఉంది. మొయ్యడం మానేస్తే ఆ కాస్త చప్పుడు కూడా ఉండదని ఆవిడ భయం.

ఇదంతా ఒక్క పేజీ తెచ్చిన తంటా. అక్క థీసిస్ అట్ట వేయించుకుని వచ్చిన రోజున, చిట్టి తన పాపను ఒళ్ళో వేసుకుని దాన్ని తెరిచింది. అలాంటి పుస్తకాల్లో ముందు కృతజ్ఞతల పేజీ ఉంటుందని ఆమెకు తెలుసు. ఇంగ్లీషు కదా, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. గైడు సారు ఉన్నారు. ఆయన భార్య ఉంది. డిపార్టుమెంటు గుమాస్తా ఉన్నాడు. ల్యాబుకు నీళ్ళ డబ్బాలు తెచ్చిపెట్టే మనిషి కూడా ఉన్నాడు. ఇంకో పేజీ ఉందేమోనని చిట్టి తిరగేసింది. వెనక తెల్లగా ఉంది.

మూడేళ్ళు. యూనివర్సిటీలో మొలకల పెట్టె పాడైతే బాగుచేసే దిక్కు లేక, అక్క ట్రేలన్నీ ఇంటి వెనకగదిలోకి వచ్చాయి. పొలాల్లో కలుపుగా అల్లుకునే ఒక తీగ గింజలవి, పప్పుబద్దంత ఉంటాయి. రోజూ పొద్దున్నే తడి చూడాలి, మొలిచినవి లెక్కపెట్టాలి, పుస్తకంలో రాయాలి. అక్కకు పాఠాలున్నాయి, గైడు పిలుపులున్నాయి. "ఒక్క ఏడాది చూడవే, పన్నెండో తరగతి వచ్చే ఏడు రాసుకుందువు గాని," అంది. వచ్చే ఏడు వచ్చింది, వెళ్ళింది. తర్వాత చిట్టికి పెళ్ళయింది. పెళ్ళికొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అద్దె కలిసొస్తుందని ఆ గది ఉన్న వెనక వాటాలోనే కాపురం పెట్టారు. ఆ తర్వాత పాప కడుపున పడింది. ఎనిమిదో నెలలో కూడా స్టూలు మీద కూర్చుని నలభై ట్రేలు చూసేది.

అందరితో పాటు మొలవకుండా, నీళ్ళు తాగి ఉబ్బి, మొండికేసి కూర్చునే గింజలు కొన్ని ఉంటాయని కనిపెట్టింది ఆమే. వాటిని 'అలిగినవి' అనేది. అలిగినవాటిని ఏరి, ఒకరోజు నీడలో ఆరబెట్టి మళ్ళీ తడిపితే అలక తీరి మొలిచేవి. అక్క దానికి రైలుబండంత పేరు పెట్టి అరవై పేజీలు రాసింది. ఆ అరవై పేజీల్లో ఒకచోట, లెక్కింపు సహాయకులచే జరిగింది అని ఉంది. పేరు లేకపోతే పోయె, తనొక్కతినీ గుంపు చేసేసిందని చిట్టికి మరీ మండింది.

పసిపిల్ల తల్లికి కోపం కూడా తీరుబడిగా రాదు. పాలకు మధ్య కాస్త, గుడ్డలు ఉతుకుతూ కాస్త వస్తుంది. అలా ముక్కలు ముక్కలుగా వచ్చిన కోపాన్ని నాలుగు రోజులుగా చిట్టి ఒకచోట పోగు చేస్తూ ఉంది.

ఆ మధ్యాహ్నం ముందుగదిలోంచి అమ్మ గొంతు వినబడింది. "ఆ మాట వచ్చిందా?"

ఆ ఇంట్లో 'ఆ మాట' అంటే ఒకటే. ఏడాదిగా యూరప్‌లో యూనివర్సిటీలన్నిటికీ అక్క పోస్ట్‌డాక్టరల్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతోంది. నలభై ఆరు పెట్టింది. జవాబిచ్చిన ప్రతివాళ్ళూ రెండో వాక్యాన్ని 'అన్‌ఫార్చునేట్లీ' అని మొదలుపెట్టేవారు. అమ్మకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. డాక్టరు అయిపోయాక మళ్ళీ పోస్టు డాక్టరేమిటో ఆవిడకు అర్థం కాదు. పెళ్ళయ్యాక మళ్ళీ పెళ్ళిచూపులా అని నవ్వేది. నవ్వేది గాని, మెయిలు వచ్చిన చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి వచ్చి ఆ మాట కోసం తెర మీద వెతికేది.

ఈసారి ఆ మాట లేదు. రేపు రెండు గంటలకు ఇంటర్వ్యూ అని ఉంది. అమ్మ ఆనందంతో వెనక వాటాకు పరిగెత్తుకొచ్చి చెప్పింది. చిట్టి పాపకు గుజ్జు మెదుపుతూ, మంచిదని అంది.

అమ్మ వెనకే అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడింది. నాలుగు రోజుల్లో మొదటిసారి నేరుగా పిలిచింది.

"చిట్టీ."

చిట్టి గిన్నెలోంచి తల ఎత్తలేదు. అక్క లోపలికి వచ్చి, మంచం చివర ఆరేసిన పాప గుడ్డలు పక్కకు తోసి కూర్చుంది. మెయిల్లో ఏముందో చెప్పింది. ఆ ప్రొఫెసరు పెద్దాయన, విత్తనాల మీదే తల పండినవాడు. అక్క పేపరు చదివి అవే గింజలు తెప్పించుకుని ఆరు నెలలు తనూ పెంచాడు. కొన్ని అలుగుతాయన్నది నిజమేనట. కానీ అక్క పంపిన నోటుపుస్తకాల నకళ్ళలో మూడోరోజు నాటికే, ఏ గింజా మొలవకముందే, కొన్నిటికి ఇంటూ గుర్తులున్నాయి. అలిగినవి అవే. నూటికి తొంభై సార్లు ఆ గుర్తు తప్పలేదు. మొలవకముందే ఎలా తెలిసిందన్నది ఆయన ప్రశ్న. ఉద్యోగం అంతా దాని మీదే ఉంది.

"థీసిస్‌లో రాసుకున్నావుగా," అంది చిట్టి.

"కంటితో చూసి వేరు చేశామని రాశా. చూస్తే నాకేం కనబడట్లేదే. ఇదివరకు భూతద్దం పెట్టుకుని కూడా చూశా. అన్నీ ఒకటిలాగే ఉన్నాయి."

చిట్టి పాప మూతి తుడిచింది. మంచం కింద ఒక ట్రే ఉంది. మూడు రోజుల కిందట, మాటల్లేని కోపంలో చేతులకు ఏదో ఒక పని కావాలని తనే నానబోసింది. అక్క కాలు దానికి రెండుసార్లు తగిలింది గాని, అదేమిటని అక్క వంగి చూడలేదు.

"ఆ కృతజ్ఞతల పేజీలో చోటు చాలలేదా అక్కా?"

అక్క ఒక క్షణం తెల్లబోయి, తేలిగ్గా నవ్వేసింది. "నాలుగు రోజుల మూతిముడుపు దానికా. మనలో మనకి థ్యాంక్సేంటే? అవి పరాయివాళ్ళకి చెప్పుకునేవి. నువ్వు అన్నం పెడితే నేను థ్యాంక్స్ చెప్తానా?"

"మరి మొదటి పేజీలో అమ్మకి అంకితం అని ఉంది. అమ్మ పరాయిదా?"

అక్క కిటికీ వైపు చూసింది, గడియారం వైపు చూసింది. గుమ్మంలో అమ్మ, ఇప్పుడు మోయాల్సిన మాటలేవీ లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

నిజం అప్పటికి చిట్టి నాలుక చివరికి వచ్చేసింది. ఆ మౌనం ఇంకో నిమిషం సాగితే చెప్పేసేదే. అక్క తలదించుకుని ఉంటే చాలు, సారీ అని కూడా అనక్కర్లేదు.

"సరేలే, ఇప్పుడవన్నీ ఎందుకు," అంది అక్క. "నువ్వు ఎలా గుర్తు పెట్టావో చెప్పు చాలు. ఏదో నీకు తోచినట్టు గుడ్డిగా పెట్టినా ఫర్వాలేదు. దాన్ని శాస్త్రంగా ఎలా చెప్పాలో నేను చూసుకుంటా."

గుడ్డిగా. చిట్టి గిన్నె కింద పెట్టింది.

"బొడ్డు చూడాలి," అంది నెమ్మదిగా. "గింజకి బొడ్డు ఉంటుంది కదా, తీగకి అంటుకుని ఉన్నచోట. మూడోరోజుకి దాని చుట్టూ సన్నగా ఎర్రగీత వస్తుంది. గీత చుట్టూ తిరిగి కలిస్తే మొలుస్తుంది. సగంలో ఆగిపోతే అలిగినట్టు."

అది పచ్చి అబద్ధం. గీతలు అన్ని గింజలకూ వస్తాయి, కొన్నిటికి కలుస్తాయి, కొన్నిటికి కలవవు, మొలవడానికీ దానికీ సంబంధం లేదు. అలిగిన గింజ కంటికి దొరకదు. వేలికి దొరుకుతుంది. నానిన గింజ మీద వేలికొస మెల్లగా ఆనిస్తే, మొలిచేది పండిన పుండులా బిగుతుగా ఉంటుంది. అలిగినది లోపలికి మెత్తగా దిగుతుంది, పసిపిల్ల మాడు మీద వేలు పెట్టినట్టు. మొదట్లో ఆమెకూ అది తెలియలేదు. ట్రేలు తడుపుతుంటే చేతికే అలవాటైంది. పాప పుట్టాక ఒకరోజు మాడు నిమురుతూ ఉలిక్కిపడింది, ఇదేనని.

అక్క గబగబా రాసుకుంది. "ఇంతేనా? ఇంత చిన్న సంగతికి ఆరు నెలలు కొట్టుకున్నాడా ఆయన," అంటూ లేచింది. గుమ్మం దాటుతూ పాప బుగ్గ గిల్లి వెళ్ళింది.

సాయంత్రం మెకానిక్కు పనినుంచి వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుంటూ భార్య మొహం చూసి ఏదో జరిగిందనుకున్నాడు. చిట్టి దాచలేదు. చెప్తుంటే నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపు నిండినట్టుంది ఆమెకు. రేపు ఆయన ముందు అక్క బొడ్లూ గీతలూ అని వాగుతుంది. ఎల్లుండి అమ్మకు తెలిసిన మాట వస్తుంది. ఇంకోసారి.

అతను చేతులు తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వదినగారంటే అతనికీ పెద్ద ప్రేమ లేదు. ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఆవిడ అతన్ని మీ ఆయన అనకుండా 'ఆ లిఫ్టబ్బాయి' అనేది.

"పగ తీర్చుకో, నేను కాదనను," అన్నాడు. "గింజలేం చేశాయే నిన్ను?"

ఆ మాట ఆమెకు నచ్చలేదు. అన్నం పెట్టేటప్పుడు కూర గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది.

మర్నాడు పొద్దున పాప ఒళ్ళు వెచ్చగా అనిపించింది. మూడుసార్లు చెయ్యి వేసి చూసింది, థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం లేదు. పాపకు ఏమన్నా అయితే అది తను చేసిన పనికే అనిపించి, పది గంటలకు లేచి ముందుగది దాకా వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది.

లోపల అక్క అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో వల్లె వేసుకుంటోంది. నేను గమనించాను, నేను వేరు చేశాను, నేను కనిపెట్టాను. చిట్టికి లెక్క అలవాటు. తలుపు పక్కన నిలబడి ఎన్ని 'నేను'లో లెక్కపెట్టింది. పదిహేడయ్యాక వెనక్కి వచ్చేసింది. పాప నుదురు మళ్ళీ చూసింది. చల్లగానే ఉంది.

రెండు గంటలు కొట్టేసరికి అమ్మ ఇంట్లో ఫ్యాను తప్ప అన్నీ ఆపేసింది. మిక్సీ వద్దు, కుళాయి వద్దు, పాపను ఏడవనివ్వద్దు. వెనకగదికీ ముందుగదికీ మధ్య తలుపు సరిగా పడదు. ఆ సందులోంచి చిట్టికి అక్క వీపు, లాప్‌టాప్ తెర, తెరలో తెల్లజుట్టు ముసలాయన కనిపించారు. ఆయన వెనక గోడ నిండా చిన్న చిన్న సొరుగులున్నాయి. ప్రతిదానికీ కాగితం ముక్క అంటించి ఉంది. అన్నీ గింజలే అయ్యుంటాయి. అలాంటి గది ఒకటి ఉంటుందని చిట్టి ఎన్నడూ అనుకోలేదు.

ఆయన నెమ్మదిగా, విడమరిచి మాట్లాడుతున్నాడు. సగం మాటలు ఆమెకు అర్థమవుతూనే ఉన్నాయి. అక్క బాగా మాట్లాడింది. బొడ్డు సంగతి వచ్చింది. గీత సంగతి వచ్చింది. ముసలాయన తల ఊపకుండా విన్నాడు. తర్వాత తెర మీద ఒక ఫోటో పెట్టాడు. పన్నెండు గింజలు, మూడోరోజువి. ఏవి అలిగాయో చూపించమన్నాడు.

అక్క వంగి చూసి అయిదు చూపించింది. ఆయన ఇంకో ఫోటో పెట్టాడు, అవే గింజలు పన్నెండోరోజున. అక్క చూపించినవాటిలో నాలుగు మొలిచి ఉన్నాయి.

 అక్క మెడ వెనక చెమట పట్టడం చిట్టికి కనిపించింది. ఇది చూడాలనే నాలుగు రోజులు అన్నం అరగకుండా తిరిగింది. ఇప్పుడు కళ్ళారా చూసింది. బాగా అయింది అనుకుంది. మరోసారి కూడా అనుకుంది, మొదటిసారి సరిగా ఆనలేదని.

అప్పుడు అక్క గొంతు సవరించుకుని, వేరే స్వరంతో మొదలుపెట్టింది. ఆ మాటలు వేగంగా వచ్చాయి. వాటిలో మూడు మాత్రం చిట్టి చెవికి తగిలాయి. అన్‌ఎడ్యుకేటెడ్. మిస్టేక్. రిమూవ్.

మూడూ కలిపి చూసుకునేసరికి అర్థమైంది. లెక్కపెట్టింది చదువు లేని మనిషని, పొరపాటు పడి ఉంటుందని, ఆ గుర్తులన్నీ తీసేస్తానని అక్క చెప్తోంది. ఉద్యోగం దక్కించుకోవడానికి అలిగిన గింజలనే తీసి అవతల పారేస్తోంది. మూడేళ్ళ ఇంటూ గుర్తులు, ఎనిమిదో నెల కడుపుతో స్టూలు మీద పెట్టినవి, ఒక్కమాటతో పొరపాటైపోయాయి. ఆ పొరపాటుకు సాక్ష్యం కూడా తనే తయారుచేసి నిన్న అక్క చేతిలో పెట్టింది.

పాపను చంకనెత్తుకుంది. మంచం కిందనుంచి ట్రే లాగింది. తలుపు దగ్గర అమ్మ భుజం పట్టుకుని ఆపబోయింది. చిట్టి ఆగలేదు.

అక్క కెమెరాకు కనబడకుండా బల్ల కింద చెయ్యి ఊపింది, పో, పో అని. చిట్టి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. ట్రే బల్ల మీద పెట్టింది. తెర వైపు చూడకుండా కళ్ళు మూసుకుని, గింజల మీద వేలు ఆనిస్తూ పోయింది. ఒకటి వదిలేసింది. రెండోది వదిలేసింది. మూడోది తీసి పక్కన పెట్టింది. అలా పదకొండు ఏరి కళ్ళు తెరిచింది. ముసలాయన తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చి చూస్తున్నాడు. ఏదో అడిగాడు.

"నువ్వెవరని అడుగుతున్నారు," అంది అక్క పళ్ళ మధ్యనుంచి.

"చెప్పు."

అక్క చెప్పింది. సిస్టర్ అన్న మాట చిట్టికి వినబడింది.

"ఇప్పుడు నేను చెప్పేది ఆయనకి చెప్పు. ఒక్క మాట తగ్గినా నాకు తెలుస్తుంది. లెక్కపెట్టడమే కదా నా పని." పాపను రెండో మోకాలి మీదకు మార్చుకుంది. "నిన్న మా అక్కకి నేను చెప్పింది అబద్ధం. బొడ్డుకీ గీతకీ ఏం సంబంధం లేదు. కావాలనే తప్పు చెప్పాను. గుర్తులు మాత్రం తప్పు కాదు. ఇది చూసేది కాదు, ముట్టుకునేది. ఈ పదకొండూ అలిగినవి. వారం ఆగి చూసుకోమను."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. మొహంలో రక్తం లేదు. నిన్న గబగబా రాసుకున్న కాగితం కీబోర్డు పక్కనే ఉంది. దాని వైపు చూసింది, మళ్ళీ చిట్టి వైపు చూసింది. "నువ్వా?" అంది, గాలి పీల్చుకున్నంత మెల్లగా.

"ఆయన కాచుకుని ఉన్నాడు."

అక్క చెప్పింది. ముక్క మిగల్చకుండా చెప్పింది. చిట్టి ప్రతి మాట మీదా చెవి వేసి ఉంచింది.

ముసలాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గింజల గురించి ఇంకేమీ అడగలేదు. చాలా చిన్న ప్రశ్న ఒకటి అడిగాడు. ఈసారి చిట్టికి కూడా తర్జుమా అక్కర్లేకపోయింది, అది ఒకే మాట గనక.

అయినా అక్క చెప్పింది. "ఎందుకు అబద్ధం చెప్పావని."

"అది నీకు తెలుసు. నేను చెప్తే నువ్వు ఇంగ్లీషులోకి మారుస్తావు, అంతే. అలా వద్దు. నీ అంతట నువ్వు చెప్పు."

అక్క చెయ్యి లాప్‌టాప్ మూత మీదికి వెళ్ళింది.  పాప వంగి ఒక గింజ పట్టుకోబోతే, నోట్లో పెట్టుకుంటుందన్న భయంతో చిట్టి ఆ చిన్న పిడికిలిని తన చేతిలో మూసేసింది. చూపు మాత్రం అక్క చేతి మీదే ఉంది. మూత మూసినా చిట్టికి పోయేదేం లేదు. మూస్తే అక్క బతుకంతా దాని కింద మూతపడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మూత కదల్లేదు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎక్కణ్ణుంచి చెప్పమంటావ్?" అని అడిగింది, తెర వైపు చూస్తూనే.

"పన్నెండో తరగతి దగ్గర్నుంచి."

తెరలో ముసలాయన ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీశాడు.